అవ్వ ముక్కు, చిన్నాయిన పొడి

మొన్న మధ్యాహ్నం మా కోడలు ఒక తెల్ల సీసా పట్టుకుని హాల్లోకి వచ్చి సోఫా మీదా, దాని ముందు పరిచిన తివాచీ మీదా తుస్సు తుస్సుమని ఏదో కొట్టింది. ఏమిటమ్మా అంటే, మురికిని వదలగొట్టి వాసనను కూడా లేకుండా చేసే మందు మామయ్యా అంది. ఎంతకు కొన్నావు అన్నాను. వయసు మీద పడి చూపు తగ్గింది, వినికిడి తగ్గింది గాని ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ నాకంటే ముందే నా నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. ఆమె ధర చెప్పింది. సగానికి అడగవలసింది అన్నాను. ఫోన్‌లో కొన్నదాన్ని ఎవరిని అడగమంటారు మామయ్యా అని నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తడి ఆరాక, ఎవరూ చూడకుండా వంగి, సోఫా చేతిని ముక్కుకు ఆనించి చూశాను. పూల వాసన లేదు, సబ్బు వాసన లేదు, అసలు ఏ వాసనా లేదు. ఆ లేకపోవడం కోసమే ఒకప్పుడు మా చిన్నాయిన ఎంత తిప్పలు పడ్డాడో, అది చేతికి దక్కాక మా ఇల్లు ఏమైందో తలచుకుంటూ ఆ పూటంతా అలాగే కూర్చుండిపోయాను.

మాది రాయచూరు. బజారులో మాకు కిరాయి దుకాణం ఉండేది. పెళ్ళిళ్ళకూ చావులకూ జనం కూర్చోవడానికి జంఖానాలు కిరాయికి ఇచ్చేవాళ్ళం. నూలు దారంతో నేసిన ఎర్ర నీలం చారల బరువైన తివాచీలు, మనిషి ఒక్కడు ఎత్తలేనివి, మన తరం వాళ్ళందరూ వాటి మీదే కూర్చుని భోజనాలు చేసి ఉంటారు. మాకు ఒక పక్క కిరాణా కొట్టు, ఇంకో పక్క గాజుల కొట్టు, ఎదురుగా గుడ్డల కొట్టు. నేను మాటలు నేర్చింది ఆ గుమ్మాల్లోనే గనక, నా నోట మొదట వచ్చిన మాట అమ్మ కాదు, "జెర తగ్గించు" అని మా అవ్వ, నాయిన తల్లి, జీవితాంతం వెక్కిరించింది. మీసం మొలిచాక బేరం మాట్లాడే పని నాయిన నాకే అప్పగించాడు. గిల్లేసూగూరు నుంచి వచ్చినా, గబ్బూరు నుంచి వచ్చినా ముందు నా మొహమే చూడాలి. నేనేదో గొప్ప బేరగాణ్ణని అప్పట్లో నా నమ్మకం. వచ్చినవాళ్ళకు వేరే దుకాణం లేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

దుకాణంలో రెండు దొంతర్లుండేవి. కుడి గోడకు పెళ్ళి దొంతర, ఎడమ గోడకు చావు దొంతర. చావింట పరిచిన జంఖానా పెళ్ళి పందిట్లోకి పోకూడదు. మా తాతల నాటి నుంచీ అది దుకాణం మర్యాద, ఊరంతా దాన్ని నమ్మే మా దగ్గరికి వచ్చేది. అన్నీ ఒకే నేతగాళ్ళు ఒకే రంగుల్లో నేసినవి కాబట్టి చూపుకు తేడా తెలియదు. పసుపు మరకలూ పూల మరకలూ రెండింటికీ ఉంటాయి కదా. ఒక మూల నల్లదారం కుట్టుకుంటే పోయేది కదా అని మీరు అనవచ్చు, నేనూ అన్నాను. కుడితే, దాని మీద కూర్చున్న మనిషి ఆ దారం చూసి ఇదెందుకని అడుగుతాడు, దుఃఖంలో ఉన్నవాణ్ణి ఇంకా చిన్నబుచ్చినట్లవుతుంది అని నాయిన ఒప్పుకోలేదు. దారంతో అవసరం కూడా ఉండేది కాదు. బండి వాళ్ళు ఎప్పుడైనా కలగలిపి తెచ్చి పడేస్తే అవ్వ వచ్చి పీట వేసుకుని కూర్చునేది. ఆకు వక్క నములుతూనే ఒక్కొక్కదాని మడత అంచు ముక్కు దాకా ఎత్తి, "పెండ్లి" అనేది, ఇంకోటి ఎత్తి "సావు" అనేది. సాంబ్రాణి, కర్పూరం, రాత్రంతా నేల మీద కూర్చున్న మనుషుల చెమట, అవన్నీ నూలులోకి ఇంకిపోతాయట. నాకెంత పీల్చినా దుమ్మే తగిలేది.

కాలువ వచ్చేదాకా అలాగే సాగింది. తుంగభద్ర నీళ్ళు పారాక కోస్తా వాళ్ళు వచ్చి క్యాంపుల పేరుతో కొత్త ఊళ్ళు కట్టుకున్నారు, జొన్న చేలు వరి మడులయ్యాయి. మాకు సంతోషమే, ఎందుకంటే అంతకు ముందు మమ్మల్ని పోషించిన పాత జాగీర్దార్ల ఇళ్ళు నిజాం రాజ్యంతో పాటే చితికిపోయాయి. ఇక దుకాణం నిలబడితే క్యాంపుల పెళ్ళిళ్ళ మీదే నిలబడాలి. కానీ ఆ పెళ్ళిళ్ళు తడి నేల మీద జరిగేవి. అన్నాలూ చారూ మజ్జిగా ఒలికి, పిల్లల ఉచ్చలు ఇంకి, పచ్చిగడ్డి మీద రాత్రంతా నాని వచ్చిన జంఖానాలు, మా ఎండల్లో ఎంత ఆరేసినా ముక్కిన వాసన వదిలేవి కావు. ఆ క్యాంపుల్లో పెద్ద రైతు ఒకాయన కూతురి పెళ్ళికి జంఖానాలు చూసుకుందామని వచ్చి, ఒకదాని కొస ఎత్తి వాసన చూసి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇదేం కంపండీ బాబూ! దీని మీద వియ్యాలవారిని కూర్చోబెడితే పెళ్ళికొడుకును తీసుకుని లేచిపోతారు" అన్నాడు. కంపుకు తగినట్టు ధర తగ్గిస్తానని నేను మొదలుపెట్టబోతే నాయిన నా కాలు తొక్కాడు. పెళ్ళినాటికి వాసన లేకుండా ఇస్తామని మాట ఇచ్చాడు. ఆయనింటి పెళ్ళి బాగా జరిగితే మిగతా క్యాంపులన్నీ మావే, జరగకపోతే ఆ వేసవితో దుకాణానికి తాళమే.

ఆ మాట నిలబెట్టే భారం చిన్నాయిన నెత్తిన పడింది. నాయినకు తమ్ముడు, పెళ్ళి చేసుకోలేదు, ఏ డబ్బా దొరికినా మూత తీసి అందులో ఏముందో నాకి చూసే రకం. మొదట కర్పూరం దంచి అత్తరు కలిపి చల్లాడు. జంఖానా అత్తరు పూసుకున్న మేకపోతులా తయారైంది. "వాసన మీద వాసన కప్పుతే ఏమయితది? సచ్చినోనికి షేర్వాణీ తొడిగినట్లయితది. దాన్ని కప్పుడు కాదు, లేకుండ చేయాలె" అని తనకు తనే చెప్పుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. కుంకుడు రసంతో ఉతికితే ఎరుపు నీలంలోకి దిగింది. బొగ్గుపొడి చల్లితే వాసనను బాగానే మింగింది గాని, దాని మీద కూర్చుని లేచిన కిరాణా కొట్టు ఆయన పంచె వెనక భాగం చూసి బజారంతా నవ్వింది. బియ్యప్పిండి కలిపితే చీమలు దండెత్తాయి. పక్క కొట్లో వంటసోడా, పటికా బేరమాడి తెచ్చేది నేనే. అవి దేనికో తెలిసిన కొట్టాయన నన్ను చూడగానే, "ఏం రా, మీ చిన్నాయిన ఇయ్యాల ఏం వండుతున్నడు?" అనేవాడు.

చివరికి కుదిరింది. చాకళ్ళు వాడే చౌడును ఎండబెట్టి మెత్తటి గుడ్డలో జల్లించి, దానికి వంటసోడా ఎక్కువగా, పటిక తక్కువగా కలిపిన పొడి. దాన్ని జంఖానా నిండా చల్లి, చీపురుతో నూలులోకి ఎక్కించి, ఎండ పొద్దంతా వదిలేసి, సాయంత్రం కర్రలతో దులిపి, ఉచ్చ వాసన పట్టిన చోట సిర్కా, అదే వెనిగర్, కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి తుడవాలి. ఒకదానికి చేసి నా మొహాన పెడితే నాకు దుమ్ము కూడా తగల్లేదు. ఆ పూట చిన్నాయిన అన్నం తినడం మరిచిపోయాడు.

పెళ్ళి దొంతరకు చేస్తే చాలునని నాయిన అన్నాడు. చావు దొంతరకు కూడా చేస్తానని చిన్నాయిన పట్టుబట్టాడు.

"దానికెందుకురా బేకార్ ఖర్చు?" అన్నాడు నాయిన.

"ఏడ్చేటోళ్ళకు ముక్కులుండవా అన్నా? ఎవల్దో దుఃఖం వాసన చూసుకుంట వీళ్ళెందుకు కూసోవాలె?"

నాయిన ఇంకో దొంతరకు సరిపడా సోడా తెమ్మని నా చేతిలో డబ్బులు పెట్టాడు.

పెళ్ళి ఇంకో వారం ఉందనగా కోట గుట్ట కింది బండల మీద అన్నీ పరిచాం. పై బండ మీద పెళ్ళివి, కింది బండ మీద చావువి. పొడి చల్లడం, దులపడం, తుడవడం అయ్యి, తడి ఆరడానికి వదిలాం. రోహిణి కార్తె ఎండ, ఆకాశంలో చిన్న మబ్బు లేదు. చూస్తూ ఉండగానే దుమ్ము లేచి గాలివాన విరుచుకుపడింది. ముందు గాలి వచ్చి పై బండ మీదివాటిని కింది బండ మీదికి దొర్లించింది. "మళె బంతు, మళె బంతు", వాన వచ్చింది అని కన్నడంలో అరుచుకుంటూ బజారు హమాలీలు పరుగెత్తుకొచ్చారు. గాజుల కొట్టు ఆయన వచ్చాడు, అడగకుండానే అందరూ వచ్చారు, దొరికినదాన్ని దొరికినట్టు చుట్టి భుజాన వేసుకుని దుకాణంలో పడేశారు. ఒక్కటీ తడిసి పాడు కాలేదు. అందరికీ దండం పెట్టి లోపలికి తిరిగి చూస్తే, మధ్యలో ఒకటే కుప్ప.

నాయిన తొణకలేదు. అవ్వను పిలవమన్నాడు. అవ్వ పీట వేసుకుంది, ఆకు వక్క నోట్లో వేసుకుంది, ఒకదాని అంచు ఎత్తింది. దించింది. ఇంకోటి ఎత్తింది. మూడోది ఎత్తాక నోట్లో ఉన్న ఆకు ఉమ్మివేసి, కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఏం లేదు నాయినా. దీంట్ల మనిషే లేడు" అంది.

ఆ క్షణంలో చిన్నాయిన మొహం నేను మరచిపోలేను. అవ్వ ముక్కుకే అందలేదంటే తన పొడిని మించింది లేదన్నమాట. పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు. పక్కన నాయిన ఒకసారి కుడి గోడ వైపు, ఒకసారి ఎడమ గోడ వైపు తిరగడం చూశాక గాని ఆ వెలుగు ఆరలేదు.

ఇక ఏది ఏదో చెప్పేవాళ్ళు లేరు. ఒక్కటి చావుదైనా కుప్ప అంతా చావుదే. దాచడానికి వీల్లేదు, హమాలీలందరూ చూశారు. దాచే మనిషీ కాదు నాయిన. పంతులుగారిని పిలిచి పుణ్యాహవాచనం చేయించి నీళ్ళు చల్లించాం. బజారు భక్తిగా చూసింది, దణ్ణం పెట్టింది, జంఖానా మాత్రం అడగలేదు. క్యాంపుకు పోయి ఉన్నమాట చెప్పి రమ్మని నాయిన నన్ను పంపాడు. నేను చెప్పి ఊరుకుంటానా, బేరం పెట్టాను. సగం అన్నాను, పావు అన్నాను, చివరికి ఊరికే పరిచి వస్తానన్నాను. ఆ రైతు నాకు మజ్జిగ ఇప్పించి, "మీ నాన్నగారంటే నాకు గౌరవమే బాబూ. కానీ నువ్వు తగ్గించే కొద్దీ నాకు భయం పెరుగుతుందయ్యా" అన్నాడు. బేరమంటే ఏమిటో నాకు అప్పటిదాకా ఎవరూ అంత స్పష్టంగా చెప్పలేదు.

అప్పటి నుంచి మాది చావుల దుకాణమైంది. పెళ్ళిళ్ళవాళ్ళు మా గుమ్మం రాగానే రోడ్డుకు అవతలి పక్కకు మారి నడిచేవారు. వచ్చేవాళ్ళు బేరమాడేవారు కాదు, కళ్ళు తుడుచుకుంటూ అడిగింది చేతిలో పెట్టి పోయేవారు, నాకు నోరు తెరిచే పనే లేకపోయింది. చిన్నాయిన పొడిని పొట్లాలు కట్టి ఇళ్ళకు అమ్ముదామని చూశాడు. పరుపులకూ బొంతలకూ ఇంతకన్నా మంచిది లేదు, అందరికీ తెలుసు. కానీ ఆ దుకాణం నుంచి వచ్చిన పొడిని ఇంట్లో ఎవరు చల్లుకుంటారు? అవ్వ మాత్రం రోజూ వచ్చి పీట మీద కూర్చునేది. విడదీయడానికి ఏమీ లేదు. అప్పుడప్పుడు చేతికి అందిన మడతను ముక్కు దాకా ఎత్తి దించేది. మరుసటి చలికాలంలో అవ్వ పోయింది. మా జంఖానాలే మా వాకిట్లో పరిచాం. ఏ దొంతర నుంచి తీయాలా అని ఎవరూ అడగలేదు.

అవ్వ బట్టలూ పరుపూ చాకలికి ఇచ్చేశాం గాని, ఆమె కప్పుకున్న బొంతను నాయిన ఇవ్వలేదు. మడిచి తన తలగడ కింద పెట్టుకున్నాడు. చిన్నాయిన అది చూశాడు. అన్న దాచుకున్నది మురికిగా ఉండకూడదనుకున్నాడో, ఆ వాన నాటి నుంచీ అన్నకు ఏదో ఒక మేలు చేయాలని తపిస్తున్నాడో, కర్మకాండ ముగిసిన మర్నాడు మిద్దె మీద ఆ బొంతను పరిచి, మిగిలిన పొడి అంతా చల్లి, ఎంతో ఓపికగా దులిపి, తుడిచి, ఆరబెట్టి తెచ్చి నాయిన చేతుల్లో పెట్టాడు. నాయిన దాన్ని మొహానికి ఆనించుకున్నాడు. తీసి, ఇంకో కొసను ఆనించుకున్నాడు. మొత్తం విప్పి మధ్యలో వెతికాడు. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని చిన్నాయిన పోయేదాకా అంటూనే ఉన్నాడు.

దుకాణం ఎక్కువ రోజులు నడవలేదు. చిన్నాయిన పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరాడు, ఆ పొడి మళ్ళీ కలపలేదు. నాయిన ఊరికే ఉన్నాడు. నేను గుడ్డల కొట్లో గజం బద్ద పట్టుకుని ఇతరుల బేరాలు వింటూ జీతానికి కూర్చున్నాను. క్యాంపుల పెళ్ళిళ్ళలోకి ఇనప కుర్చీలు వచ్చాయి, ఆ తర్వాత మా ఊళ్ళోకీ వచ్చాయి. కుర్చీ నిన్న ఎవరింటికి వెళ్ళి వచ్చిందని ఇప్పుడు ఎవరూ అడగరు. పొద్దున చావింట్లో వేసినవాటినే సాయంత్రం రిసెప్షన్‌లో వేస్తారు, మనమే వాటి మీద కూర్చుని ఐస్‌క్రీం తింటాం.

మా కోడలు మంచి పిల్ల. నేను రోజూ కూర్చునే చోట ఆ మందు ఇంకొంచెం ఎక్కువగా కొడుతుంది, నాకు హాయిగా ఉండాలనే. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు, చిన్నాయిన చేసిందీ మంచికే కదా. నేను లేచి వెళ్ళాక ఆ సోఫా చేతిని అవ్వ ముక్కు దాకా ఎత్తి చూపిస్తే, ఆమె ఏమనేదో నాకు తెలుసు.