బామ్మర్ది వీపు మీది గుడ్డ

నిన్న అటక మీంచి కూలర్ దించుతుంటే దాని మీద కప్పిన గుడ్డ జారి నా మొహాన పడింది. దుమ్ము దులిపి చూస్తే నా పాత గుడ్డే. ఎర్ర ఎనామెల్ అక్షరాలు, వాటికి ఆకుపచ్చ నీడ, చుట్టూ సూర్యకిరణాలు: 'యువత మనసుకు తోడుగా మనమంతా'. కింద మూలన బోర్డులు రాసే పెయింటరు సంతకం. ఇన్నేళ్లయినా ఒక్క పెచ్చు లేవలేదు. కింద కుర్చీ పట్టుకున్న మా ఆవిడ, "ఇంకా ఉన్నదా అది? ఈసారన్న పారెయ్యండి" అంది. పారేయలేదు. మళ్లీ మడత పెట్టి పైనే పెట్టాను.

ఆ గుడ్డ సంగతి చెప్పాలంటే ముందు నా బామ్మర్ది సంగతి చెప్పాలి. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు, అల్వాల్‌లో ఉంటాడు. దాచుకోవడం దేనికి, అతనంటే నాకు కుళ్లు. నాకు ముప్పయ్యేళ్లకే నెత్తి మీద జుట్టు పల్చబడితే అతనికి దువ్వెన దిగేది కాదు. మెట్టుగూడలో మా ఇంటికి ఆదివారం భోజనానికి వస్తే, నన్ను కన్న మా అమ్మ కూడా కైమా గిన్నె ముందు అతని వైపే జరిపేది. ఇవన్నీ ఎలాగో మింగాను. మింగుడుపడనిది ఒక్కటే. గేటు దగ్గర అతని స్కూటర్ హారన్ వినిపిస్తే మా అమ్మాయి చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి ఉరికేది. నేను ఆఫీసు నుంచి వచ్చిన చప్పుడు వినిపిస్తే టీవీ కట్టేసి పుస్తకం తెరిచేది.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులవి. పరీక్షల భయంతో, ఫలితాల భయంతో నలిగిపోయే పిల్లలు వచ్చి మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఒక చోటు ఏర్పాటు చేయాలని మా చర్చి వాళ్లు తలపెట్టారు. దానికి విరాళాలు పోగవ్వాలని సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా రెండు రోజుల సైకిల్ యాత్ర. ముందు వరసలో నడిపించేది నేనే అని నా నమ్మకం. చిన్నప్పటి నుంచీ తొక్కుతున్నవాణ్ణి, పైగా గేర్ల సైకిల్ కొన్నాను. తీరా మీటింగులో మా బామ్మర్ది లేచి, ఇంటర్ ఫెయిలైన ఏడాది తాను గది దాటి బయటికి రాలేదనీ, అన్నం కూడా తలుపు సందులోంచి తీసుకునేవాణ్ణనీ నాలుగు ముక్కలు చెప్పాడు. అందరి కళ్లూ చెమర్చాయి. అక్కడికక్కడే అతన్ని నాయకుణ్ణి చేశారు. దేవుడు నన్ను క్షమించాలి, ఆ రోజు నాకు అతని కష్టం మీద కూడా అసూయ పుట్టింది. ఆ మంటలో, ఆ తర్వాత, ఆ చోట పిల్లలతో మాట్లాడబోయే మానసిక వైద్యురాలు, మా డాక్టరమ్మ, లేచి చెప్పింది సగమే చెవికెక్కింది. వీపుకు కట్టుకునే గుడ్డ మీద మీరు రాసుకోకండి, ఏ పిల్లల కోసం తొక్కుతున్నారో వాళ్లతోనే రాయించుకోండి అని ఆమె అన్నదట. నేను విన్నది 'రాయించుకోండి' వరకే.

రాయించడమంటే నాకు తెలిసింది పెయింటరే. గుడ్డ తీసుకుని బయల్దేరుతుంటే మా అమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఇంటర్ రెండో ఏడు, పదిహేడేళ్లు. చేతిలో మార్కర్ ఉంది. "డాడీ, నీది నేను రాయాల్నా?" అని అడిగింది. ఆఫీసులో అందరి చిత్తుప్రతులూ దిద్దే చేతులు నావి, ఇంట్లోనూ ఊరుకునేవి కావు. ఆ పిల్ల తలకట్లు అక్షరానికి అంటకుండా పైన ఎక్కడో ఎగురుతుంటాయి. ఎన్నిసార్లు ఎర్ర పెన్నుతో చుట్టానో లెక్కలేదు. "నీ రాత కోడి కెలికినట్టుంటది. పోయి చదువుకో పో" అన్నాను. మార్కర్ మూత పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

బయల్దేరిన పొద్దున చలికి మా బామ్మర్ది స్వెట్టర్ వేసుకుని ఉన్నాడు. నా వీపు చూసి, "ఏంది బావా, దుకాణం బోర్డు సుత పట్టుకొచ్చినవ్?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నేను పళ్లు బిగించి తొక్కాను. అతనిది క్యారియర్ ఊడిపోయిన పాత సైకిల్. అయినా భువనగిరి గుట్ట కనపడే సరికే నా కంటికి ఆనకుండా పోయాడు. ఎప్పుడు స్వెట్టర్ విప్పాడో కూడా నాకు తెలియదు. రాత్రికి జనగామలో పిక్కలకు నూనె రాసుకుంటూ ఒకటే అనుకున్నాను. రేపు కాజీపేటలో మా ఆవిడా, అమ్మాయీ రైల్లో వచ్చి ఎదురుచూస్తుంటారు. వాళ్ల ముందు అతని కంటే ఒక్క చక్రమైనా ముందుండాలి.

రెండో రోజు చచ్చీచెడీ ఘన్‌పూర్ దాటాక అతన్ని అందుకున్నాను. ఇంకో పది తొక్కుళ్లు తొక్కితే దాటేసేవాణ్ణి. అప్పుడే అతని వీపు మీది గుడ్డ కనపడింది. 'మా మామ నా కోసం తొక్కుతున్నాడు.' మార్కర్ రాత, వంకర వరస. తలకట్లన్నీ గాల్లో ఉన్నాయి.

పక్కకు వెళ్లి, "ఇది మా పిల్ల రాత కాదూ?" అన్నాను. అతను వేగం తగ్గించాడు. "నిద్ర పడ్తలేదంట బావా, రెండు నెలల సంది. పుస్తకం తెరిస్తే చేతులు వణుకుతున్నయంట. మీ డాడీకి చెప్పి డాక్టరమ్మ దగ్గరికి పోదామన్న. జెర ఈ యాత్ర కానియ్యి మామా అన్నది." నేను సైకిల్ ఇంకా దగ్గరికి జరిపాను. "నాకెందుకు చెప్పలేదు?" అతను రోడ్డు వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు, "రాస్తనని ముందుగాల నిన్నే అడిగింది కద, బావా."

నేనిక అతన్ని దాటలేదు. కాజీపేట దాకా ఆ తలకట్లు చూసుకుంటూ వెనకే తొక్కాను. మా అమ్మాయి నీళ్ల సీసా తీసుకుని ముందు మామ దగ్గరికే వెళ్లింది. కడుపులో మండింది, ఎందుకు అబద్ధమాడాలి. నా గుడ్డ విప్పి, తిరగేసి, రంగు లేని వైపు పైకి పెట్టి ఆమె చేతికిచ్చాను. "రాస్తవా?" అన్నాను. "ఇప్పుడేం రాస్త డాడీ, అయిపోయింది కద" అంది. కానీ తిరిగి ఇవ్వలేదు.

సైకిళ్లు లారీలో వేసి, మేము పాసింజరు ఎక్కాం. మా బామ్మర్ది వాళ్ల అక్కను పిలుచుకుని కావాలనే పక్క పెట్టెలోకి పోయాడు. జనగామ దాటే వరకు మా అమ్మాయి ఆ గుడ్డను ఒళ్లో మడుస్తూ, విప్పుతూ కిటికీలోంచి చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. నడుమ మూడుసార్లు నోరు తెరిచాను, మూడుసార్లూ మూసుకున్నాను. మౌలాలి వచ్చినా ఆమె మాటలు అయిపోలేదు.

ఆ ఏడు పరీక్షలు రాయలేదు, మరుసటేడు రాసింది. డాక్టరమ్మ దగ్గరికి చాలాకాలం వెళ్లాం. ఇప్పుడు తనకో ఇల్లుంది, ఉద్యోగముంది. ఏదైనా పెద్ద సంగతి ఉంటే ఇవాళ్టికీ ముందు ఫోన్ వెళ్లేది అల్వాల్‌కే, నాకు ఇవాళ్టికీ కుళ్లే. గుడ్డకు రెండో వైపు ఆమె ఏమీ రాయలేదు, నేనూ మళ్లీ అడగలేదు. రెండు రోజులు తొక్కిన దారిని ఆ రైలు మూడు గంటల్లో వెనక్కి తెచ్చేసింది. ఆ మూడు గంటలు నాకు దొరకడానికి మాత్రం పదిహేడేళ్లు పట్టింది.