కత్తిరించిన కార్డు

ఒక్క పూటకని అడిగి తీసుకుపోయిన కార్డును ధనుంజయ్ వారం దాటాక తిరిగిచ్చాడు. అప్పటికి అందులో గీకడానికి ఏమీ మిగల్లేదు.

ప్రేమ్‌సాగర్‌కు అది మొదటి కార్డు. జగిత్యాలలో బట్టల షోరూంలో పనిచేసే రోజుల్లో, జీతం పడే బ్యాంకు వాళ్లే కౌంటరు దగ్గరికొచ్చి అంటగట్టి పోయారు. తాతల నాటి నుంచీ గుంట భూమి లేని ఇంట్లో పుట్టినవాడు. తన పేరు అచ్చుపడిన ఆ ప్లాస్టిక్ ముక్కను చూసి మురిసిపోయి, సొంతూరు కథలాపూర్ పోయినప్పుడు నలుగురికీ చూపించాడు. ఆ చూపించడమే కొంప ముంచింది. ధనుంజయ్ అతని మేనత్త కొడుకు, అదే ఊరివాడు. కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు.

"పండుగ గిరాకి ఉన్నది సాగరా, ఫోన్లు దింపాలె. నెల తిరగకముందే కడ్త. నీ మేనత్త మీద ఒట్టు," అన్నాడు.

సొంత తల్లి మీద ఒట్టు కూడా ఎదుటివాడి చుట్టరికం కింద జమ కట్టగల మనిషి. రెండు వాయిదాలు కట్టి, ఫోన్ ఎత్తడం మానేశాడు. బ్యాంకు వసూలు మనుషులు షోరూంకు వచ్చి, చీరలు చూస్తున్న ఆడవాళ్ల ముందే ప్రేమ్‌సాగర్‌ను దొంగను చేసి మాట్లాడారు. మర్నాడు యజమాని పనికి రావొద్దన్నాడు.

సిరిసిల్లలో రెడీమేడ్ బట్టలు కుట్టే కంపెనీలో పని దొరికింది. తంగళ్ళపల్లిలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పగలు కుట్టుమిషను, సాయంత్రం నుంచి మరమగ్గాల షెడ్డులో సాంచాల మీద ఇంకో పని. భార్య మంజుల బీడీలు చుట్టింది. మహిళా సంఘాల్లో ఆమె పేరు మీద దొరికే అప్పులన్నీ తెచ్చింది. ధనుంజయ్ తిన్నదాన్ని వీళ్లు రెండేళ్లు కడుపు కట్టుకుని కట్టారు.

అప్పు తీరితే వాళ్ల కులంలో ఒక పద్ధతి ఉంది. పెద్దమనుషులను కూర్చోబెట్టి, వాళ్ల ముందర ప్రామిసరీ నోటు చింపేస్తారు. తలా ఇంత కల్లు తాగి లేస్తారు. ఆ తర్వాత ఆ బాకీ ఉన్నట్టు ఎవరూ నోరెత్తకూడదు. ప్రేమ్‌సాగర్ కూడా కథలాపూర్ వెళ్లి పెద్దమనిషి పోశంకు చెప్పుకున్నాడు. పోశం ధనుంజయ్‌ను పిలిపించి నాలుగు తిట్టాడు, కల్లు ఖర్చు అతని నెత్తిన వేశాడు. చింపడానికి నోటు లేదు కాబట్టి కత్తెర తెప్పించి, అయిదుగురి ముందర కార్డును రెండు ముక్కలు చేయించాడు.

"ఇగ తెగిపోయింది పోరా. నిమ్మలంగ ఉండు," అన్నాడు.

ప్రేమ్‌సాగర్ నిజంగానే నిమ్మళంగా ఉన్నాడు. వసూలు వాళ్ల పీడ వదలాలని పాత సిమ్ము కూడా పారేశాడు. బ్యాంకుకు చెప్పాలన్న ఆలోచన అక్కడ కూర్చున్న ఒక్కరికీ రాలేదు. చింపేసిన నోటు గురించి ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

బిడ్డ నిత్యకు నాలుగేళ్లు వచ్చినా పిలిస్తే తిరిగి చూసేది కాదు. పట్టింపు లేని పిల్ల అనుకున్నారు. జగిత్యాలలో చెవుల డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవులకూ మిషన్లు పెట్టాలన్నాడు. ఇప్పుడు వినబడితేనే మాటలు వస్తాయి, ఆలస్యమైనకొద్దీ కష్టమన్నాడు. సర్కారు దవాఖానలో ఉచిత మిషన్లకు పేరు రాయించారు, పిలుపు రాలేదు. మిషన్లమ్మే దుకాణంలో వాయిదాలున్నాయి గానీ, క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకే.

కార్డుకు మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నాడు. రాదన్నారు. జగిత్యాల బ్యాంకుకు పోయి అడిగితే క్లర్కు కంప్యూటర్లో చూసి, "పాత కార్డు ఖాతా ఇంకా నడుస్తుంది కదయ్యా," అన్నాడు.

"లేదు సార్, కార్డు కోసేసినం. అయిదుగురు సాచ్చెం ఉన్నరు."

క్లర్కు నవ్వాడు. పక్క సీటామెను పిలిచి మరీ నవ్వాడు. కార్డు కోస్తే ఖాతా బందు కాదు. ఏటా పడే ఫీజు పడుతూనే ఉంది. కట్టలేదని జరిమానా, జరిమానా కట్టలేదని మళ్లీ జరిమానా. నోటీసులన్నీ షోరూం చిరునామాకు పోయాయి.

ఇంటికొచ్చి చెబితే మంజుల చేతిలోని బీడీ ఆకు కిందపడేసింది.

"అయిదుగురు పెద్దమనుషులు గూసున్నరు గదా, ఒక్కనికన్న తెల్వదా బ్యాంకుకు ఫోన్ జెయ్యాలెనని?"

"నీకు తెల్సా?"

"నాకెట్ల తెలుస్తది? నన్ను గూసుండవెట్టిండ్రా?"

ఆమె పట్టగొలుసులు అమ్మి జరిమానా కట్టారు. ఈసారి ఖాతా బందు చేయించి, చేసినట్టు కాగితం తీసుకున్నాడు. మళ్లీ దరఖాస్తు పెట్టాడు. బ్యాంకు గేటు దగ్గర చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపే రాదని మెసేజ్ వచ్చింది. మళ్లీ లోపలికి పోయాడు.

"బందైంది గదా సార్, పైస బాకీ లేదు."

"బాకీ లేదు. ఇన్నాళ్లు ఎగబెట్టినట్టు రికార్డుల ఉంటది. అది పోవాలంటే ఏండ్లు పడ్తది."

"నా బిడ్డకు గన్ని ఏండ్లు లెవ్వు సార్."

క్లర్కు అతని వెనకాల వరసలో నిలబడ్డవాడిని రమ్మన్నాడు.

ఇంక మిగిలింది ధనుంజయ్. అతని దగ్గర మంచి కార్డుంది. పేరు మీద మచ్చ లేదు. ఎందుకుంటుంది? చేసిన అప్పులన్నీ ఇతరుల పేర్ల మీద చేసినవాడికి! ప్రేమ్‌సాగర్ కోరుట్ల బస్సెక్కాడు. దిగిపోదామని రుద్రంగి దాకా అనుకుంటూనే ఉన్నాడు.

ధనుంజయ్ అంతా విన్నాడు. ఆ నెలలో కథలాపూర్‌లో పంచాయతీ ఎన్నికలు. అతను వార్డుకు నిలబడ్డాడు.

"కార్డు ఇస్త సాగరా, బిడ్డ నీకొక్కనికేనా, నాకు గాదా? గని అవుతలోళ్లు నీ పాత ముచ్చట వట్టుకొని నా ఇజ్జత్ దీస్తున్నరు. పోశం తాత ముందట ఒక్క మాట జెప్పు. ఆ పైసలు నువ్వే వాడుకున్నవని. భయానికి నా మీదికి నూకినవని."

"గట్ల నేనెట్ల జెప్త బావా?"

"జెప్పకు మరి. నేనేమన్న బలిమి జేస్తున్ననా?"

ఆ ఆదివారం అదే పోశం, అదే అయిదుగురు. ప్రేమ్‌సాగర్ నేల చూస్తూ చెప్పాడు, ఆ పైసలు తానే వాడుకున్నానని. పోశం, "నీ కోసం ఆనాడు గా పోరణ్ణి నోటికచ్చినట్టు తిట్టిన గదరా! థూ," అని లేచి పోయాడు. ప్రేమ్‌సాగర్ తల్లి ఆ వాడలోనే ఉంటుంది. ఆమె గడప దాకా కూడా పోకుండా అటునుంచి అటే వెనక్కి వచ్చేశాడు.

మర్నాడు జగిత్యాల దుకాణంలో ధనుంజయ్ కార్డు గీకాడు. నిత్య చెవులకు మిషన్లు పెట్టారు. దుకాణం అతను బల్ల మీద చేత్తో కొట్టాడు. పిల్ల ఉలిక్కిపడి, తల్లి కొంగు పట్టుకుని గొల్లుమంది. తన ఏడుపు తనకే వినబడి ఠక్కున ఆగింది, ఆశ్చర్యంగా చూసి మళ్లీ ఏడ్చింది. మంజుల కూడా ఏడ్చింది.

బావాబామ్మర్దులిద్దరూ కలవడం అదే ఆఖరు. వాయిదా పైసలు ప్రేమ్‌సాగర్ నెలనెలా ఫోన్‌లోనే పంపుతున్నాడు. ఆ రోజు దుకాణం మెట్లు దిగుతూ ధనుంజయ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మనసుల ఏం వెట్టుకోకు సాగరా."

ప్రేమ్‌సాగర్ ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు.

"ఎట్ల వెట్టుకోకుంట ఉంటరు బావా? ఊరంతటి ముందట అబద్ధమాడిన. ఊరు నన్నే దొంగ అనుకోనీ, ఏమనుకున్నా మంచిదే. ఇగ నా బిడ్డకు ఇనవడ్తది. దానికొక్కదానికి ఉన్నదున్నట్టు జెప్త."