అవ్వ అడిగిన నూనె

మా బడి కోళ్లకు దాణా కలిపే అవ్వ మొన్న మంగళవారం చనిపోయింది. పొద్దుగూకే వేళ ఇంటికి పోతూ, దారిలో రాళ్లగుంట కనబడక పడిపోయింది. మూడు రోజులు మంచంలో ఉండి కన్నుమూసింది. మా ఊరు లింగాలలో ఆమె గురించి నాలుగు మాటలు చెప్పవలసినవాణ్ణి నేనే. ముఖం చెల్లకపోయినా చెబుతాను.

నేను బడిపంతులును. కోళ్ల గురించి నాకు తెలిసిందల్లా కూర వండితే బాగుంటాయనే. అయినా తెల్ల సీమకోళ్లను పెంచి ఊరికి చూపించమని సర్కారువాళ్లు నాకే అప్పగించారు. వాటితోపాటు ఒక సీసా చేపనూనె, ఒక కాగితం వచ్చాయి. నూనెలో విటమిన్లు ఉంటాయని, దాణాలో కలపకపోతే కోళ్ల కళ్లు వాచి చూపు పోతుందని అందులో రాసి ఉంది. రేచీకటి ఉన్న మనుషులకూ మంచిదేనని కింద ఇంకో వాక్యం. నేను రెండూ చదివాను.

పనంతా అవ్వదే. కోళ్లకు వేసే ఆకుకూర మొలవని ఎండాకాలంలో ఆ నూనే దిక్కు. జొన్ననూకలో బొట్టు బొట్టుగా పోసి కలిపేది. నేను పక్కన నిలబడి ఏదైనా చెప్పబోతే, "నువ్వు పిల్లలకు సదువు చెప్పుకో పంతులయ్యా, కోళ్లకు నేను చెప్పుకుంట" అనేది. "నోరు లేని జీవాలకు ముందుగాల పెట్టాలె. మనకు నోరుంది, అడుక్కుంటం" అని కూడా అనేది.

ఆమె అడిగింది కూడా. ఒక సాయంత్రం గోడ తడుముకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"పొద్దుగూకితే నాకు తొవ్వ కనవడ్తలేదు పంతులయ్యా. గా నూనె జర నాకిస్తవా?"

"గది సర్కారు కోళ్లకొచ్చింది అవ్వా. తక్కువైతే నన్నడుగుతరు."

"గట్లనా. వద్దులే మరి. నా కోసం నీకెందుకు పరేషాన్."

మళ్లీ ఎన్నడూ అడగలేదు. ఒక చెంచా తగ్గితే ఎవరూ కనిపెట్టరని నాకు అప్పుడే తెలుసు. కోడి గుడ్డిదైతే అధికారి నిలదీస్తాడు, అవ్వ చూపు పోతే ఎవరు నిలదీస్తారు? నేను అంత నీచంగా ఆలోచించాను. సిగ్గుగా ఉంది.

నిన్న ఆ సీసా పట్టుకుని వాళ్లింటికి పోయాను. ఆమె కూతురికీ సాయంకాలమైతే చూపు ఆనదని విన్నాను. మూత తీసి ఆ నీచువాసన చూడగానే కూతురు గుర్తుపట్టింది.

"పనికాడ వేళ్లకు అంటిన నూనెనన్న నాకరాదే అమ్మా అంటే, కోళ్ల నోటికాడిది గుంజుకుంటనా అని కోపానికొచ్చేది" అంది.

నిజమే. దాణా కలపడం అయ్యాక గుప్పెడు పొడినూక తీసుకుని, వేళ్ల సందుల్లో జిడ్డంతా పోయేదాకా రుద్దుకునేది. ఆ నూకనూ కోళ్లకే చల్లి, పొడిబారిన చేతులు దులుపుకునేది. రోజూ అరుగు మీద కూర్చుని చూశాను.