తొమ్మిది మంది పిల్లల బ్రహ్మచారి

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. నా నోరు మరీ మంచిదైపోయి, పరాయి దేశంలో ఒక ఊరు ఊరంతా మునిగిపోయే పరిస్థితి వచ్చింది. పెళ్ళి కాని నాకు తొమ్మిది మంది పిల్లలున్నారని ఆ ఊరు నమ్మింది. నమ్మి ఊరుకోకుండా కౌన్సిల్లో తీర్మానం చేసింది. అబద్ధమాడి చెడినవాళ్ళ కథలు మీరు బోలెడు విని ఉంటారు. ఇది మర్యాదకు పోయి చెడినవాడి కథ. కాస్త జాలి దగ్గర పెట్టుకుని వినండి.

అది 1999. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు మతి పోతుందని, విమానాలు రాలిపోతాయని, బ్యాంకుల్లో డబ్బు ఆవిరైపోతుందని లోకమంతా వణుకుతున్న రోజులు. కోబాల్ అనే పాత కంప్యూటరు భాషలో రెండక్షరాలు వచ్చినవాడల్లా ధన్వంతరి అవతారమే. నాకు నిజంగా రెండక్షరాలే వచ్చు. అయినా సిడ్నీలో మా కంపెనీ వాళ్ళు నన్ను బస్సెక్కించి, గోధుమ పొలాల మధ్యనున్న కురాబిల్లా షైర్ కౌన్సిల్‌కు వైద్యం చేసి రమ్మని పంపారు.

షైర్ అంటే మన జిల్లా పరిషత్తుకు వేలువిడిచిన తమ్ముడనుకోండి. వైశాల్యం చూస్తే మా గుంటూరు జిల్లా అంత. జనాభా చూస్తే తెనాలిలో మా వీధి అంత. ఆ చివర నుంచి ఈ చివరకు కారులో పోతే పెట్రోలు అయిపోతుంది గానీ మనిషి కనపడడు. కంగారూలకు గనక ఓటు హక్కు ఇచ్చి ఉంటే మేయరు పదవి ఏనాడో వాటికి పోయేది. కౌన్సిల్ చేతిలో రోడ్లు, చెత్త, కుక్కల లైసెన్సులు, ఒక ఈతకొలను, ఒక శ్మశానం ఉండేవి. వాటిలో రోజురోజుకూ కళకళలాడేది శ్మశానమొక్కటే.

మేయరు పేరు బెవర్లీ. అరవై దాటిన రైతు. మేయరంటే ఎర్రబుగ్గ కారు, ముందొకడు వెనకొకడు ఉంటారనుకున్నాను. ఆవిడ మోకాళ్ళ దాకా మట్టితో ట్రాక్టరు దిగి వచ్చి, "నన్ను బెవ్ అనెయ్" అంది. తెనాలివాణ్ణి, మేయరును పేరు పెట్టి పిలిస్తే కళ్ళు పోవూ? "సరే బెవ్ మేడమ్" అన్నాను. ప్రసాద్ అనే నా పేరును ఆవిడ అక్కడికక్కడే చితక్కొట్టి "ప్రజ్జా" చేసేసింది. ఇక్కడి నుంచి ఆవిడ మాటలు తెలుగులో రాస్తున్నాను. మధ్యలోని బూతులు మీరే పూరించుకోండి.

ఓ రోజు టీ తాగుతూ అడిగింది. "ప్రజ్జా, ఇంట్లో మీరెంతమంది?"

మా ఇంట్లో ముగ్గురు బాబాయిలు, అన్నయ్యలు, వదినలు, నాయనమ్మ, అందరిదీ ఒకే పొయ్యి. లెక్కేసి చెప్పాను. "పద్దెనిమిది మందిమి మేడమ్."

"పిల్లలో?"

"తొమ్మిది మంది." బాబాయి పిల్లలు, అన్నయ్య పిల్లలు అని మన ఇళ్ళలో పిల్లల్ని పంచుకుని చెప్పం కదా!

ఆవిడ చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. "తొమ్మిది మందా? బడికి వెళ్ళే వయసేనా?"

"అందరూ చక్కగా చదువుతారు మేడమ్. పెద్దాడికి లెక్కలంటే ప్రాణం."

"అయితే వాళ్ళందర్నీ ఇక్కడికి తీసుకురా! చోటుకేం కొదవ?"

అయ్యా, అమ్మా, నా స్థానంలో మీరుంటే ఏమనేవారు? పెళ్ళిలో ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన "మా ఊరు రావాలి, నాలుగు రోజులుండి వెళ్ళాలి" అంటాడు. "తప్పకుండా వస్తాం" అంటాం. ఎప్పుడైనా వెళ్ళామా? నిజంగా పెట్టే బేడా పట్టుకుని దిగితే ఆయనకు గుండె ఆగదూ? రానని మొహం మీద చెప్పడం మన ఇంటావంటా లేదు. అందుకని నేనూ మన సంప్రదాయానికి మచ్చ రాకుండా చెప్పాను.

"తప్పకుండా మేడమ్! న్యూ ఇయర్ దాటగానే అందరం దిగిపోతాం."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపిన ఊపుకు భుజం రెండు రోజులు నొప్పి పెట్టింది. మర్యాద బాగా పండిందని మురిసిపోయాను.

ఆ నెల కౌన్సిల్ మీటింగు జరుగుతుంటే పక్క గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాను. నిక్కర్లు వేసుకున్న రైతులు అరగంట సేపు ఎవరిదో కుక్క గురించి పోట్లాడుకుని, ఉన్నట్టుండి చప్పట్లు కొట్టారు. బెవ్ వచ్చి నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

"మిత్రులారా, కొత్త టర్ముకు పిల్లలు పెరగకపోతే మన స్కూలు మూసేస్తామని డిపార్టుమెంటు వాళ్ళు చెప్పిన సంగతి మీకు తెలుసు. మూసేస్తే నా మనవరాలితో సహా పిల్లలంతా పొద్దున్నా సాయంత్రం గంటన్నర బస్సులో చావాలి. స్కూలు పోతే ఊళ్ళో ఉన్న కుటుంబాలూ పోతాయి. ఇకపై ఆ భయం లేదు. మన ప్రజ్జా తొమ్మిది మంది పిల్లల్ని తెస్తున్నాడు!"

అప్పుడే, ఆ క్షణమే, "అయ్యా, అది ఊరికే అన్న మాట" అని ఉంటే కథ అక్కడితో ముగిసేది. కానీ అంతమంది లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే నోరు పెగలలేదు. ఏం చెయ్యాలో తోచక రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. నేను క్షమాపణ అడిగాననుకున్నాను, వాళ్ళు ప్రమాణం చేశాడనుకున్నారు. పాత బ్యాంకు మేనేజరు ఇల్లు బాగుచేసి మాకు ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఆ మర్నాటి నుంచి నా బతుకు చూడాలి. రోడ్లు వేసే మనుషులు నిచ్చెనలేసుకుని ఆ ఇంటికి రంగులేస్తున్నారు.

"పిల్లలకు ఏ రంగిష్టం ప్రజ్జా?"

"ఏదైనా ఫర్వాలేదండీ."

"నీలం?"

"తప్పకుండా."

కొట్లోకి వెళితే, మా కోసం తెప్పించిన బియ్యం బస్తా చూపించి, "ఇది వారానికి సరిపోతుందా?" అన్నాడు కొట్టాయన. "తొమ్మిది మందీ నీవేనా? నువ్వు చూస్తే ఇంత సన్నగా ఉన్నావు!" అని పైగా కన్నుకొట్టాడు.

ఆ గురువారం టీచరమ్మ శాండ్రా ఆఫీసుకొచ్చింది. చేతిలో తొమ్మిది ఎండటోపీలు. ఆ దేశంలో టోపీ లేకపోతే పిల్లల్ని ఎండలో ఆడుకోనివ్వరు. "ఒక్కొక్కరి పేరూ చెప్పు, లోపలి వైపు కుట్టిస్తాను" అంది. ఆలు లేదు, చూలు లేదు, టోపీలు మాత్రం తొమ్మిది! చెప్పానండీ, పేర్లు చెప్పాను. ఏం చెయ్యను, అడిగింది కదా! ఆవిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "ఈ స్కూల్లోనే చదువుకున్నాను, ఇక్కడే పాఠాలు చెబుతున్నాను. తాళం కూడా నేనే వెయ్యాలేమోనని నిద్రపట్టేది కాదు. థ్యాంక్యూ" అని వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక బాత్రూములోకి వెళ్ళి అద్దంలో నా మొహం చూసుకుని చెడామడా తిట్టుకున్నాను. నవ్వులాట కాదు, నిజంగా సిగ్గేసింది.

ఆ సాయంత్రం పోస్టాఫీసు ముందున్న ఫోను డబ్బాలో దూరి సిడ్నీకి ఫోన్ చేశాను, ఖాదర్ భాయ్‌కి. ఈయన క్వేకర్స్ హిల్‌లో మా పక్క యూనిట్లో, అంటే పక్క ఫ్లాట్లో, ఉండేవాడు. బెజవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బిగించిన చెయ్యి. అలాంటి చెయ్యి సిడ్నీలో వేర్‌హౌసులో అట్టపెట్టెలు మోస్తోంది. రెండు గదుల యూనిట్లో తన కుటుంబం, బావమరిది కుటుంబం, వాళ్ళ కీచులాటలు. నాకే ఆపద వచ్చినా ముందు ఆయన నంబరే గుర్తొచ్చేది.

"ఖాదర్ భాయ్, కొంప మునిగింది."

"నీకు కొంపెక్కడుంది భాయ్, మునగడానికి?"

"అర్జెంటుగా తొమ్మిది మంది పిల్లలు కావాలి."

"అద్దెకా, సొంతానికా?"

మొత్తం చెప్పాను. ఆయన పడీపడీ నవ్వి, ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పాడు. అవతల నుంచి ఆడవాళ్ళ నవ్వు, పిల్లల కేరింతలు. నేనిక్కడ చస్తుంటే అక్కడ పండగ.

"భాయ్, ఒకటే దారి. నిజం చెప్పెయ్. కొడితే కొడతారు. అది సరే, ఆ హౌస్‌కి రూములెన్ని?"

"ఐదు. వెనక షెడ్డు కూడా ఉంది."

"రెంటు?"

"దాదాపు లేనట్టే."

"షెడ్డులో లారీ పడుద్దా?"

"కోత మిషనే పడుద్ది."

"ఆ ఊళ్ళో మెకానిక్ ఎవరు?"

"ఎవరూ లేరు భాయ్. మిషను ఆగితే ఎక్కడో డబ్బో అనే టౌను నుంచి రావాలి. మీరోసారి వచ్చి చూడకూడదూ?"

"చూస్తాంలే భాయ్" అన్నాడు. ఆశ చచ్చిపోయింది. మన భాషలో "చూస్తాంలే" అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?

శనివారం ఆర్వోకి, అంటే వాళ్ళ భాషలో మధ్యాహ్నానికి, ఈతకొలను పక్కన పార్కులో బార్బీ అనే మాంసం కాల్చుకు తినే విందు పెట్టారు, మా వాళ్ళ రాకను ప్రకటించడానికి. ఒక్కచోట అంతమందిని ఆ షైర్‌లో అదే చూడటం. బెవ్ ఒక ట్రైలరెక్కి నాలుగు మాటలు చెప్పి, నన్ను పైకి లాగింది. ఇక లాభం లేదని కళ్ళు మూసుకుని మొత్తం కక్కేశాను. వాళ్ళు నా పిల్లలు కారని, వాళ్ళు తెనాలి దాటరని, నేను మర్యాదకు అన్నానని.

శాండ్రా తల దించేసుకుంది. పొయ్యి మీద సాసేజిలు మాడుతున్నా ఎవరూ తిప్పడం లేదు.

"మరి వస్తామన్నావు కదా?" అంది బెవ్ మెల్లగా. కోప్పడినా బాగుండేది.

"మా వైపు అలా అంటాం మేడమ్. వస్తామంటాం, రాం."

"పిలిచినవాళ్ళకు ఆ సంగతి తెలుసా?"

"తెలుసు మేడమ్."

"తెలిసీ ఎందుకు పిలుస్తారు?"

"వాళ్ళూ ఊరికే పిలుస్తారు మేడమ్."

"మరి మీ ఇళ్ళకు నిజంగా వచ్చేదెవరయ్యా?"

"పిలవనివాళ్ళు మేడమ్."

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఒక పాత వ్యాను పొగలు కక్కుకుంటూ వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుని, సంచిలోంచి గోళీలు దొర్లినట్టు పిల్లలు దొర్లారు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు... ఏడుగురు! వెనకే నడుం పట్టుకుని ఖాదర్ భాయ్, ఆయన భార్య, బావమరిది కుటుంబం.

"ఏంది భాయ్, ఇంత క్రౌడు? షెడ్డు చూసిపోదామని వస్తిమి. రోడ్డు చూస్తే అయిపోనే అయిపోదు!"

ఒక్కసారిగా పార్కు పేలిపోయింది. నవ్వులు, ఈలలు, కేకలు. బెవ్ నా వీపు మీద ఒక్కటిచ్చింది.

"దొంగ వెధవా! ఎంత ఏడిపించావురా మమ్మల్ని! మొహంలో నవ్వన్నది లేకుండా!"

"అయ్యో మేడమ్, నిజంగా వీళ్ళు మా వాళ్ళు కారు!"

మళ్ళీ నవ్వులు. ఆ దేశంలో మొహం బిగించి ఎదుటివాణ్ణి ఆటపట్టించడం గొప్ప విద్యట. నా నిజాన్ని జోకు కింద జమకట్టేశారు. జీవితంలో ఒక్కసారి ధైర్యంగా నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదండీ!

శాండ్రా అప్పటికే పిల్లల నెత్తిన టోపీలు పెట్టేస్తోంది. "ఇద్దరు తగ్గారేం?" అని మాత్రం అడిగింది. ఏడుగురు చాలట, స్కూలు నిలబడుతుందట. ఆ మాట వినగానే ట్రైలరు మీదే కూలబడ్డాను. గుండెల మీంచి రోడ్డురోలరు దిగినట్టయింది. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఎవరో మాడిన సాసేజి చేతిలో పెట్టారు. శాకాహారినన్న మాట కూడా చెప్పలేక పట్టుకుని కూర్చున్నాను.

ఖాదర్ భాయ్ షెడ్డు చూడ్డానికెళ్ళి, అక్కడ ఆగిపోయి ఉన్న కోత మిషను చూసి చొక్కా విప్పాడు. చీకటి పడకముందే అది గుర్రుమంది. నెల తిరక్కుండా సామాను తెచ్చేసుకున్నారు. జనవరి ఒకటో తారీఖున ఏ కంప్యూటరుకూ మతి పోలేదు. నేను వైద్యం చేసినందుకో చెయ్యనందుకో ఈనాటికీ తెలియదు. ఊరివాళ్ళకు మాత్రం ఖాదర్ భాయ్ మా అన్నయ్య. మొదట్లో ఇద్దరం కాదని చెప్పి చూశాం. "మళ్ళీ మొదలెట్టాడ్రా" అని నవ్వేవాళ్ళు. ఇక ఆయన కూడా విసిగిపోయి "మా తమ్ముడే" అనేస్తున్నాడు.

ఆనాడు ఆ మాడిన సాసేజి చేతిలో పట్టుకుని, నింగీ నేలా సాక్షిగా నేనొక ప్రమాణం చేశాను. ఈ కట్టె కాలేదాకా, టిక్కెట్టు జేబులో పడనిదే ఏ పిలుపుకూ "వస్తాను" అనను. అనుమానముంటే అనుమానమనే చెబుతాను. అమ్మ పిలిచినా సరే, అత్తగారు పిలిచినా సరే.

ఆ ప్రమాణానికి తొలి పరీక్ష పెట్టింది బెవ్వే. తర్వాతి ఏడాది స్కూలు వార్షికోత్సవానికి రమ్మని ఫోన్ చేసింది. నేను గొంతు సవరించుకుని, "మేడమ్, ఉన్నదున్నట్టు చెబుతున్నాను, నేను రాలేనేమో" అన్నాను.

"అర్థమైంది ప్రజ్జా, మీ సంగతి ఇప్పుడు నాకు బాగా తెలుసు" అంది ఆవిడ హుషారుగా. "ముందు వరసలో నీకు కుర్చీ వేయిస్తున్నాను" అని ఫోన్ పెట్టేసింది.

వెళ్ళానండీ. ఏం చెయ్యను!