ఫ్యాక్టరీ బెల్లం మీద నేను కట్టిన కథ

ఇన్నేళ్ళుగా ఒకే ఒక్క మాట నా గుండెల మీద బండలా కూర్చుంది. మింగలేను, కక్కలేను. మీకు చెప్తున్నానంటే మీరు మంచివాళ్ళని కాదు. నేనెవరో మీకు తెలియదు, అంతే. జాలి మాత్రం చూపించకండి. నాకు ఒళ్ళు మండుతుంది.

నేను కథలల్లేవాణ్ణి. గాజువాక టీ బడ్డీ దగ్గర నేను నోరు విప్పితే షిఫ్టు దిగినవాళ్ళు బస్సు వదిలేసుకునేవారు. ఎనభైల మొదట్లో మేం సీసం కరిగించే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. షిఫ్టు అయ్యాక మనిషికో బెల్లం ముద్ద ఇచ్చేవారు. లోపలికెళ్ళిన దుమ్ము బెల్లంతో దిగిపోతుందని వాళ్ళు చెప్పారు, మేం నమ్మాం. మాస్కులకన్నా బెల్లం చవక కదా.

సన్యాసినాయుడు నాకు వరసకి బావ. ఫర్నేసు దగ్గర నా పక్కవాడు. తన ముద్ద తినేవాడు కాదు. వద్దన్నవాళ్ళ ముద్దలు కూడా అడిగి తువ్వాల్లో మూటగట్టి ఇంటికి పట్టుకెళ్ళేవాడు, పిల్లల చోడి అంబలిలోకి, అదే రాగి జావలోకి. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళింట్లో ఆ అంబలి నేనూ తాగాను.

ఒకరోజు నేను తెడ్డుతో సొరచేపని చంపిన కథ చెప్తుంటే వాడు అందరి ముందూ నవ్వేశాడు. "మా బావ మోకాల్లోతు నీళ్ళకే అమ్మో అంటాడు. సొరసేపేటి, సంపడమేటి!" జనం పడీపడీ నవ్వారు. నా కథకి కాదు, నాకు. మర్నాడే కసి తీర్చుకున్నాను. సన్యాసినాయుడు ఫ్యాక్టరీ బెల్లంతో పెరట్లో సారా కాస్తాడని, పొద్దున్నే ముంత ఎత్తందే పనికి రాడని, వాళ్ళ కోడిపుంజు ఆ మడ్డి తాగి పోస్టుమేన్ని వీధి చివరిదాకా తరిమిందని చెప్పాను. ఏం నవ్వారో! ఆ కథ ఫ్యాక్టరీ అంతా పాకింది.

తర్వాత కొన్నాళ్ళకి వాడి చేతులు మణికట్టు దగ్గర వాలిపోయాయి. కడుపులో మెలిపెట్టే నొప్పి. చిగుళ్ళ మీద నల్లటి గీత. సీసమే అన్నాడు డాక్టరు. వాడు పరిహారం కోసం కేసు వేశాడు. అన్నం కలుపుకోలేని చేతులు. ఇల్లు నడవాలంటే ఇక అదొక్కటే దారి. కంపెనీ ప్లీడరు మాత్రం ఇది సీసం జబ్బు కాదు, సారా జబ్బు అన్నాడు. రుజువుకి నన్నే సాక్షిగా పిలిపించారు.

విచారణ గది బయట వరండాలో వాడు నా దగ్గరకొచ్చాడు. చొక్కా గుండీలు వాళ్ళావిడ పైడమ్మ పెట్టింది.

"బావా, సారా మాట నవ్వులాటకన్నావని సెప్పీయ్. సాలు."

"సెప్తాన్లే బావా. నాను సెప్పనేటి?"

"నీ కతలు నాకు తెల్దేటి? అందుకే బయమేస్తంది."

ఆ చివరి మాట గుచ్చుకుంది. లోపలికెళ్ళాను. బెంచీల మీద మా షిఫ్టువాళ్ళు. "ఇతను సారా కాయడం మీరు కళ్ళారా చూశారా?" అని ప్లీడరు అడిగాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

నన్నెవరూ బెదిరించలేదు. ఎవరూ లంచం ఇవ్వలేదు. ఇచ్చుంటే బాగుండేది, తప్పు దాని మీదకి తోసేవాణ్ణి. అబద్ధమని ఒప్పుకుంటే రేపట్నుంచి బడ్డీ దగ్గర నా మాట ఎవడు వింటాడు, అనుకున్నాను. ఒక మనిషి బతుకుకి ఎదురుగా నేను పెట్టి తూచింది అదేనా? అదే.

"చూశాను" అన్నాను. అక్కడితో ఆగానా? కోడిపుంజు సంగతి కూడా చెప్పాను. ప్లీడరు నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు సంతోషం వేసింది. నా మీద నాకు అసహ్యం అక్కడే మొదలవుతుంది.

కేసు కొట్టేశారు. పైడమ్మ హార్బర్లో రొయ్యలు ఒలిచే పనికి వెళ్ళింది. సన్యాసినాయుడు మంచంలోనే పోయాడు. దినానికి వెళ్ళాను, సిగ్గులేకుండా. పంక్తిలో అందరికీ ఆకు వేసిన పైడమ్మ నా ముందుకొచ్చి, వెయ్యకుండా దాటిపోయింది. మంచిపని చేసింది.

ఆవిడ క్షమించదు. క్షమించకూడదు. మీరు క్షమిస్తామన్నా నాకక్కర్లేదు, మీదేం పోయింది? ఆ గదిలో చెప్పాల్సినది ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ప్రాణం తేలికపడుతోంది. అది కూడా నాకు దక్కకూడనిదే.

సన్యాసినాయుడు సారా కాయలేదు. తాగలేదు. నేను చూడలేదు.