అరచేతి ఇంజనుకి ఎర్త్

మా తాతయ్య పేరు రామకోటేశ్వరరావు. అంత పొడుగు పేరు మోయలేక షెడ్డులో వాళ్ళు కోటయ్య అని కుదించారు. ఎలక్ట్రిక్ ఇంజన్ల షెడ్డులో కుర్రాడిగా చేరి, జుట్టంతా ఊడాక రిటైరయ్యాడు. ఇప్పుడు సత్యనారాయణపురంలో కూతురింట్లో, వీధివైపు గదిలో బల్ల వేసుకుని, అరచేతిలో ఇమిడే ఇంజన్లకి ప్రాణం పోస్తుంటాడు. ఆ కూతురి కూతుర్ని నేను, సింధూరిని. ఇంటర్లో ఫిజిక్స్ పేపరు తెల్లగా ఇచ్చొచ్చిన దాన్ని, కరెంటు గురించి రాస్తున్నాను. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

బుల్లి రైళ్ళ పిచ్చి మొదట తాతయ్యది కాదు, కిరీటి గారిది. ఆయన కైకలూరు వైపు చేపల చెరువులకి మేత అమ్ముతారు. వాళ్ళ మేడమీద గది నిండా బుల్లి పట్టాలు, వంతెనలు, స్టేషన్లేనట. ఎవరో చెప్తే తాతయ్యని వెతుక్కుంటూ వచ్చారు.

"పెద్ద ఇంజన్లు బాగుచేసినవారు, ఇది మీకో లెక్కా అండీ?" అన్నారు.

తాతయ్య ఆ బుల్లి ఇంజన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చిన్నపిల్లల డాక్టరు వేరే ఉంటాడండీ," అన్నాడు. అంటూనే తీసుకున్నాడు.

అప్పటికి అమ్మమ్మ పోయి ఏడాది దాటింది. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే గోడ చూస్తూ కూర్చునేవాడు. ఆ ఇంజను వచ్చాక మళ్ళీ మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు అమ్మ ముఖం చూడాలి, పండగే.

పని ఏమిటో చెప్తాను. పాత పద్ధతిలో పట్టాలకి కరెంటు పెంచితే బుల్లి రైలు పరిగెడుతుంది, తగ్గిస్తే ఆగుతుంది. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు పెడితే పేరంటానికి బయల్దేరిన తోడికోడళ్ళలా రెండూ కలిసే కదులుతాయి. డిజిటల్ పద్ధతి అలా కాదు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఇంజను కడుపులో గోరంత చిప్పు పెడతారు, ఒక్కో ఇంజనుకి ఒక్కో నంబరు ఇస్తారు. రిమోటులో ఏ నంబరు నొక్కితే ఆ ఇంజనే కదులుతుంది, అదే కూత వేస్తుంది. కూత కోసం చిప్పు పక్కన చింతగింజంత స్పీకరు కూడా ఇరికించాలి.

ఆ కూతలు తాతయ్యే నా ఫోన్లో పట్టుకొచ్చేవాడు. నన్ను స్కూటీ మీద స్టేషనుకి తీసుకెళ్ళమని సతాయించి, ప్లాట్‌ఫారం చివర నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరినీ "ష్ష్" అనేవాడు. ఒకసారి బండి కూత వెయ్యగానే వెనకనుంచి సమోసాలవాడు అరిచాడు. తాతయ్య వాణ్ణి ప్లాట్‌ఫారం పొడుగునా తిట్టాడు. కిరీటి గారు మాత్రం అది విని మురిసిపోయి, అలాగే ఉంచెయ్యమన్నారు. ఈ రోజుకీ వాళ్ళింట్లో ఒక ఇంజను కూత వేసి, "వేడి వేడి సమోసా" అంటుంది.

ఇప్పుడు అసలు విషయం. పెద్ద ఇంజను దగ్గర మొదటి మాటా ఆఖరి మాటా ఎర్త్. పైన తీగలో ఉన్నది ఇంట్లో కరెంటు లాంటిది కాదు, మనిషిని బొగ్గు చేసేస్తుంది. అందుకని లోపల ప్రతి మోటారుకీ రాగి తీగలు జడలా అల్లి బాడీకి కడతారు. కట్టకపోతే తాతయ్య ఆ ఇంజన్ని షెడ్డు గుమ్మం దాటనిచ్చేవాడు కాదట. బుల్లి ఇంజనులో ఇది సరిగ్గా తిరగబడుతుంది. దాని బాడీలోనే పట్టాల కరెంటు పారుతుంటుంది. మోటారు ఆ బాడీని ఎక్కడ తాకినా చిప్పు మాడిపోతుంది. కాబట్టి ముందు మోటారుని బాడీ నుంచి విడదియ్యాలి, మధ్యలో టేపు అంటించాలి, మీటరు పెట్టి చూడాలి. మీటరు కుయ్యిమంటే ఎక్కడో తగిలినట్టు.

ఇదంతా నాకు నేర్పింది తాతయ్యే. నేను టేపు వంకరగా అంటిస్తే నెత్తిమీద మొట్టి, "షెడ్డు బుద్ధి షెడ్డులో వదిలెయ్యాలే ఇక్కడ!" అనేవాడు. నేనసలు షెడ్డు మొహమే చూడలేదు. ఆ మొట్టికాయ ఆయన తనకి తాను వేసుకోవలసింది.

ఈ వేసవిలో కిరీటి గారు కొత్త ఇంజను తెచ్చారు. తాతయ్య చిప్పు పెట్టి పట్టాల మీద ఉంచగానే కమురు కంపు కొట్టింది.

"కంపెనీవాడు మోసం చేశాడు," అన్నాడు తాతయ్య.

"కంపెనీవాడు మన వీధి గుమ్మం దాకా వచ్చి కాల్చిపోయాడా, తాతయ్యా?"

"నోర్ముయ్ ఇంటర్ ఫెయిలు మొహమా!"

ఇద్దరం నవ్వుకున్నాం. చిప్పులు రెండు మూడు ఎక్కువే ఇచ్చి ఉంచారు కిరీటి గారు, మా చేతుల మీద అనుమానంతో కాదు, కొరియరు మీద అనుమానంతో. తాతయ్య ఇంకోటి పెట్టాడు. అదీ మాడింది.

ఈసారి ఆయన కాఫీకి లేచినప్పుడు నేను ఇంజను విప్పి చూశాను. లోపల మోటారు నుంచి బాడీకి ఒక తీగ ఉంది. వెంట్రుకంత రాగి తీగలు మూడు తీసుకుని సన్నగా జడ అల్లాడు. నా జడ ఒక్కరోజైనా అల్లిన మనిషి కాదు! రెండు కొసల్లో సోల్డరు ముత్యాల్లా మెరుస్తోంది. ఇంత బాగా ఆయన ఏ పనీ చెయ్యలేదేమో.

"ఇదేంటి తాతయ్యా?" అన్నాను, ఆయన కాఫీ గ్లాసుతో తిరిగి రాగానే.

"ఎర్త్. కనపడటంలే?"

నేను నవ్వాను, ఆటపట్టిస్తున్నాడనుకుని. ఆయన నవ్వలేదు. "ఎర్త్ లేకుండా వదిలితే ఎవడో ఒకడు చస్తాడే," అన్నాడు మామూలుగా, చిన్నపిల్లకి చెప్పినట్టు.

నేను ఇంజన్ని మూసి బల్లమీద పెట్టేశాను.

అమ్మకి చెప్పలేదు. అంతకుముందోసారి తాతయ్య తీగలు అతికే సోల్డరింగు ఐరన్ ఆపకుండా లేచిపోయి, తువ్వాలు కాల్చుకున్నప్పుడే అమ్మ ఒక మాట అనేసింది: "ఇంకొక్కటి మాడిందంటే నాన్నా, నువ్వు నరాల డాక్టరు దగ్గరికి రావాలి. రానంటే ఆ బల్ల పాత సామాన్లవాడికి వేసేస్తాను." తాతయ్య ఆ పూట అన్నం తినలేదు. "నాకేం మాయరోగం? బల్ల మీద చెయ్యేస్తే ఊరుకోను," అన్నాడు. ఆ బల్ల పోతే ఆయన మళ్ళీ ఆ గోడ ముందుకే పోతాడని నాకు తెలుసు. అమ్మకీ తెలుసు, అందుకే గట్టిగా అరిచింది.

అందుకని నేను దొంగపని చేశాను. తాతయ్య స్నానానికి వెళ్ళినప్పుడు ఆ జడని కత్తిరించి, టేపు అంటించి, మిగిలిన చిప్పు పెట్టాను. ఇంజను కదిలింది. కూత కూడా వేసింది. తాతయ్య తువ్వాలు చుట్టుకుని పరుగున వచ్చి, "చూశావా! నేను పెడితే ఆడకపోవడమేంటి!" అన్నాడు. ఔనన్నాను.

వన్ టౌన్‌లో వలల బేరం చూసుకుని ఆ మధ్యాహ్నమే కిరీటి గారు వచ్చారు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. ఇంజను అటూ ఇటూ తిరిగింది, కూత విని ఆయన చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నేను ఊపిరి పీల్చుకుని డబ్బా తెచ్చాను.

"ఆగు," అన్నాడు తాతయ్య. షెడ్డులో వాళ్ళకో పద్ధతి ఉంది. ఇంజను బయటికి వదిలేముందు, పని చేసినవాడే చివరిసారి తెరిచి చూడాలి. అది నేను లెక్కలో వేసుకోలేదు. ఆయన ఇంజను పైకప్పు తీశాడు. చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎర్త్ ఎవరు తీశారు?"

నేను డబ్బా మూత సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

"ఎవరే తీసింది? నువ్వా? మనిషిని చంపుతావా?" బల్లమీద గుద్దాడు. మజ్జిగ గ్లాసు పడిపోయింది. అమ్మ పరుగెత్తుకొచ్చింది. తాతయ్య నన్ను ఎప్పుడూ అలాంటి గొంతుతో తిట్టలేదు. ఎదురుగా నేను కాదు, ఇంకెవరో, షెడ్డులో ఎప్పుడో తప్పు చేసినవాడు నిలబడి ఉన్నట్టు చూస్తున్నాడు.

కిరీటి గారు లేచి నిలబడ్డారు. ఆయనకేం తెలియదు పాపం. మెల్లగా అన్నారు: "కోటయ్య గారూ, ఇందులో మోటారు బాడీకి తగలకూడదని మీరే కదండీ నాకు చెప్పారు. మొదటి ఇంజను అప్పుడు. మా ఇంట్లో పిల్లలందరికీ నేను అదే చెప్పాను."

తాతయ్య ఆయన్ని చూశాడు, ఇంజన్ని చూశాడు. మీటరు తీసి, తనే రెండు కొసలూ పెట్టాడు. అది కుయ్యిమనలేదు. ఆ నిశ్శబ్దం అంతసేపు ఎందుకు విన్నాడో నాకు తెలీదు. తర్వాత పైకప్పు మూసి, ఇంజన్ని డబ్బాలో పెట్టి, కిరీటి గారి చేతికి ఇచ్చాడు.

"బాగానే ఉందండీ. పట్టుకెళ్ళండి," అన్నాడు.

"ఇంకో రెండున్నాయి మా ఇంట్లో..."

"ఇప్పుడు కాదండీ."

ఆయన వెళ్ళాక తాతయ్య సోల్డరింగు ఐరన్ ప్లగ్గు పీకాడు. వైరు చుట్ట చుట్టి అమ్మకి ఇచ్చాడు. "రైల్వేలో మెడికల్ పరీక్షకి వెళ్ళినవాడు, ఫిట్ అని రాయించుకుని వచ్చేదాకా ఇంజను ముట్టుకోకూడదు. నీ బీరువాలో పెట్టు. ఎప్పుడెళ్దాం?"

అమ్మ బల్ల తీసేస్తానన్న మనిషి. ఆ వైరు చుట్ట పట్టుకుని గుమ్మంలోనే ఏడ్చేసింది.

గవర్నర్‌పేటలో నరాల డాక్టరు గారి దగ్గర కుర్చీలన్నీ నిండిపోయాయి. తాతయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంటర్వ్యూకొచ్చిన కుర్రాడిలా నిటారుగా కూర్చున్నాడు. అమ్మ చీటీ రాయిస్తోంది.

"ఏమే," అన్నాడు నాకు మాత్రమే వినపడేలా. "ఆ ఎర్త్ నేనే పెట్టానా?"

"నువ్వే తాతయ్యా."

కాసేపు గోళ్ళు చూసుకున్నాడు.

"పని ఎలా చేశాను?"

"చాలా బాగా చేశావు," అన్నాను. అది అబద్ధం కాదు.