చివరి ముద్ద

ఇవాళ మధ్యాహ్నం అన్నం కలుపుకుని రెండు ముద్దలు తిన్నానో లేదో, పక్క వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి వచ్చి గుమ్మంలో చతికిలబడింది. గుంటూరులో ఏదో వృద్ధాశ్రమంలో ఆయాగా చేరి నెల కాలేదు, అప్పుడే మొహం వేలాడేసింది. "ఏం తృప్తి ఉందని పిన్నీ, అన్నేళ్ళు చేశావు ఆ పని?" అని నన్నే నిలదీసింది.

మా ఆయన పోయాక, మిరప కోతలకు వంగడానికి నడుము ఒప్పుకోక, నల్లపాడు అవతల ఉన్న ఆశ్రమంలో నేనూ ఆయాగానే చేరాను. పక్కలు మార్చడం, స్నానాలు చేయించడం, అన్నాలు తినిపించడం, ఇదీ పని. ఇంటికొచ్చాక మొదట్లో నాకు ముద్ద దిగేది కాదు, అబద్ధమెందుకు. కారం తగలకూడదని డాక్టరుగారి ఆజ్ఞ కాబట్టి పప్పన్నం చప్పగా, మెత్తగా పిసికి పెట్టేవాళ్ళం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గుంటూరు మిరపకాయ తిన్న నోళ్ళు ఊరుకుంటాయా, మా మీదే ఊసేవి.

వాళ్ళలో చీరాల నుంచి వచ్చిన నేతవారింటి పెద్దావిడ ఉండేది. మతిమరుపు ముదిరి కన్నకొడుకు పేరు కూడా చెప్పలేకపోయేది. పసిపిల్లలకు చెప్పినట్టు చివరి ముద్దలోనే బలమంతా ఉంటుందమ్మా అని నేను బతిమాలితే మాత్రం, నా మణికట్టు పట్టుకుని ఆ ముద్దను నా నోటివైపే తోసేది. "బలం నీక్కావాలే, పొద్దుట్నుంచీ నుంచునే ఉన్నావు. తిన్నావా అసలు?" అనేది. తినేదాకా చెయ్యి వదిలేది కాదు. మా ఆయన పోయాక ఆ మాట అడిగిన మనిషి ఆవిడొక్కతే. ఆ ముద్ద కోసమే పొద్దున్నే పనికి పరుగెత్తేదాన్నంటే నవ్వకండి.

ఒకరోజు అది ఆశ్రమం నడిపే మేడమ్ గారి కంటపడింది. ముసలాళ్ళ నోటికాడ కూడు తింటున్నానంది. నేనేం చెప్పినా రూలు రూలే కదా, నన్ను బట్టలుతికే వైపు పంపేసి, పెద్దావిడకు చెంచాతో తినిపించడానికి కొత్తమ్మాయిని పెట్టారు. దుప్పట్లు ఆరేస్తూ కిటికీలోంచి చూసేదాన్ని. ఆవిడ తిననని మొరాయిస్తే నన్ను మళ్ళీ పిలుస్తారేమోనని ఆశ. అదేం లేదు, శుభ్రంగా తినేది. చివరి చెంచా దగ్గర మాత్రం పెదాలు బిగించి, దాన్ని ఆ పిల్ల వైపు తోసేది. నాకని కాదు, ఎవరు తినిపిస్తే వాళ్ళకన్నమాట! అది తెలిసిన రోజు తడిబట్టల మధ్య నిలబడి ఏడ్చాను. ఆ పిల్లేమో కడుపు నిండిందనుకుని గిన్నె పట్టుకుపోయేది, పెద్దావిడ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయేది. ఆ వేసవి దాటకుండానే ఆవిడ పోయింది.

ఇప్పుడు ఆశ్రమాల్లో మీట నొక్కితే లేచే మంచాలట, చేతులకు తొడుగులట, ఆయాల నడుములు బతికిపోతాయి, సంతోషమే. ఇదంతా ఆ అమ్మాయికి ఎలా చెప్పను? "అక్కడ నిన్ను తిన్నావా అని అడిగేవాళ్ళున్నారా?" అని మాత్రం అన్నాను. "నా మొహమే గుర్తుండదు వాళ్ళకి, ఇంకేం అడుగుతారు పిన్నీ!" అని నవ్వేసి, డ్యూటీకి టైమైందంటూ వెళ్ళిపోయింది.

కంచంలో ఒక్క ముద్ద మిగిలింది. పిల్ల తిన్నదో లేదో నేనూ అడగలేదని అప్పుడు తట్టింది. గబగబా గుమ్మంలోకి వెళ్ళి చూస్తే అప్పటికే వీధి మలుపు తిరిగిపోయింది. వెనక్కి వచ్చి కూర్చుని, ఆ ముద్ద నేనే తిన్నాను.